1998 మారుతి 800 కార్బొరేటర్: రెండో సిలిండర్ కంప్రెషన్ తక్కువ, హాఫ్ ఇంజన్ తప్పదా?

కూకట్‌పల్లి800
అందరికీ నమస్కారం. బండి 1998 మారుతి 800, కార్బొరేటర్ మోడల్, హైదరాబాద్‌లోనే తిరుగుతుంది. మీటరు 1,12,000 చూపిస్తోంది కానీ మధ్యలో కేబుల్ తెగి ఉంది, అంకె నమ్మలేం. ముందు ఓనరు దగ్గర చాలాకాలం ఎల్‌పీజీ మీద నడిచింది, ఇప్పుడు కిట్ తీసేసి పెట్రోల్ మీదే. ఐడిల్‌లో సన్నగా మిస్సింగ్, ఫ్లైఓవర్ ఎక్కేటప్పుడు లాగడం లేదు. ప్లగ్గులు, వైర్లు, డిస్ట్రిబ్యూటర్ క్యాప్, రోటర్ అన్నీ కొత్తవి. నీలం పొగ లేదు. ఆయిల్ వెయ్యి కిలోమీటర్లకు 200 మి.లీ. దాకా తగ్గుతోంది.

గ్యారేజీలో కంప్రెషన్, అంటే పిస్టన్ గాలిని ఎంత ఒత్తిడితో నొక్కుతోందో చూస్తే ఒకటో సిలిండర్ 118, రెండు 82, మూడు 115 పీఎస్ఐ. పిస్టన్ రింగులు పోయాయి, హాఫ్ ఇంజన్ చేయాల్సిందే, అంటే ఇంజన్ విప్పి రింగులు, బేరింగులు మార్చాల్సిందే అంటున్నారు. ఇంజన్ విప్పకుండా లోపల ఏం జరుగుతోందో తేల్చుకునే దారి ఉందా?

బోరుగేజ్
హాఫ్ ఇంజన్ మాట కాస్త పక్కన పెట్టండి. ముందు ఆ అంకెలు ఎలా వచ్చాయో చెప్పండి. ప్లగ్గులు మూడూ ఒకేసారి తీశారా, ఒక్కొక్కటే తీశారా? యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కి సెల్ఫ్ కొట్టారా? ఇంజన్ వేడిగా ఉందా? గేజి మర బిగించేదా, రబ్బరు కోన్ పెట్టి చేత్తో నొక్కి పట్టుకునేదా? ఇవి తెలియకుండా 118 మంచిదో చెడ్డదో ఎవరూ చెప్పలేరు.

కూకట్‌పల్లి800
ఒక్కో ప్లగ్గే తీశారండి. పెడల్ తొక్కలేదు. పొద్దున్నే చల్లటి ఇంజన్ మీద చూశారు. గేజి రబ్బరు కోన్‌ది.

బోరుగేజ్
అయితే ఆ అంకెలు వదిలేయండి. థ్రాటిల్ మూసి ఉంటే సిలిండర్‌లోకి గాలే సరిగా పోదు, పోని గాలిని పిస్టన్ ఏం నొక్కుతుంది? మిగతా రెండు ప్లగ్గులు బిగించే ఉంటే స్టార్టర్ ఈడ్చుకుంటూ తిరుగుతుంది, అదీ రీడింగును కిందికి లాగుతుంది. మళ్ళీ ఇలా చేయండి.

ఇంజన్ పూర్తిగా వేడెక్కేలా నడిపి ఆపండి. హెడ్ అల్యూమినియంది కాబట్టి ప్లగ్గులు కాలిపోయే వేడిమీద విప్పకండి, మరలు లేచిపోతాయి. చేయి ఆనించగలిగేంత వేడి చాలు. విప్పే ముందు ప్లగ్గు గుంటల్లో ఎయిర్ కొట్టి దుమ్ము పోగొట్టండి. ఇసుక రవ్వ ఒక్కటి లోపల పడి వాల్వు కింద ఇరుక్కున్నా బాగున్న సిలిండర్ కూడా చెడ్డదిగా కనిపిస్తుంది.

ఇగ్నిషన్ కాయిల్ ప్లస్ వైపు వచ్చే సన్న వైరు ఊడదీసి టేపు చుట్టండి. మధ్యలోని లావు వైరు పీకి ఊరికే వదిలేయకండి. ప్లగ్గు రంధ్రాల్లోంచి పెట్రోల్ ఆవిరి బయటికి కొడుతుంటే ఆ పక్కనే స్పార్కు దూకుతుంది. మూడు ప్లగ్గులూ తీసేయండి, చోక్ పూర్తిగా తెరిచి ఉందో లేదో కంటితో చూడండి. లోపల కూర్చున్న మనిషి యాక్సిలరేటర్ నేలకు ఆనేదాకా తొక్కి పట్టాలి. బ్యాటరీ ఫుల్ చార్జి మీద ఉండాలి.

గేజి 14 మి.మీ. మర ఉన్నది తీసుకోండి. దాని మర పొడవు మీ ప్లగ్గు మర పొడవును మించకూడదు, మించితే పిస్టన్‌కో వాల్వుకో తగులుతుంది. ముల్లు ఆరుసార్లు ఎగిరేదాకా సెల్ఫ్ కొట్టండి, మూడు సిలిండర్లకూ అదే లెక్క. చివరి అంకెతో పాటు మొదటి ఎగురుకు ఎంత వచ్చిందో కూడా రాసుకోండి. చాలామంది వదిలేసేది అదే. రింగులు అరిగితే మొదటి ఎగురు తక్కువగా ఉండి తర్వాత మెల్లమెల్లగా పైకి పాకుతుంది. వాల్వు కారుతుంటే మొదటిదీ తక్కువే, తర్వాతా పెద్దగా ఎక్కదు.

ఈ ఇంజన్ కంప్రెషన్ రేషియో 8.7 ప్రాంతం. సముద్రమట్టం దగ్గర ఇలాంటి ఇంజన్‌కు 150 నుంచి 180 మధ్య ఉంటే ఊపిరి బాగున్నట్టే. హైదరాబాద్ ఎత్తు సుమారు 540 మీటర్లు, అక్కడ గాలి ఒత్తిడే ఆరు శాతం దాకా తక్కువ, ఆ మేరకు రీడింగూ తగ్గుతుంది. అయినా అసలు అంకె కంటే సిలిండర్ల మధ్య తేడా ముఖ్యం. అన్నిటికంటే ఎక్కువ వచ్చినదానికీ తక్కువ వచ్చినదానికీ 10 శాతం లోపు తేడా ఉంటే నిశ్చింతగా ఉండండి, 15 దాటితే వెతకాలి.

కూకట్‌పల్లి800
మీరు చెప్పినట్టే చేయించాను.
ఒకటి: మొదటి ఎగురు 85, చివరికి 152.
రెండు: మొదటిది 50, చివరికి 106.
మూడు: మొదటిది 80, చివరికి 149.

ట్యాపెట్_మాస్టారు
చూశారా, 118 అన్నది 152 అయింది. ఒకటీ మూడూ పాత బండికి చక్కటి అంకెలు. రింగులు, బోరు అరిగితే దాదాపుగా మూడూ కలిసే అరుగుతాయి, ఒక్కటే ముప్పై శాతం పడిపోవడం అరుదు. రింగు విరిగినా, పిస్టన్ పగిలినా ఒక్కటే పడొచ్చు, కానీ అప్పుడు బ్యాక్ కంప్రెషన్, అంటే రింగులు దాటి ఇంజన్ కింది భాగంలోకి జారిన గాలి, గట్టిగా కొడుతుంది. ఐడిల్‌లో ఆయిల్ పోసే మూత తీసి అరచేయి అడ్డం పెట్టండి. సన్నగా కొట్టుకోవడం మామూలే. ఆవిరితో, ఆయిల్ తుంపరతో బుసలు కొడితేనే అనుమానించాలి. అప్పుడు కూడా ముందు ఆ గాలి బయటికి పోయే బ్రీదర్ పైపు పూడిందేమో చూడండి. పూడిన బ్రీదర్ వల్ల బాగున్న ఇంజన్ కూడా బుస కొడుతుంది, దాన్ని చూసి రింగులు మార్చేసిన బండ్లు బోలెడు.

ఎల్‌పీజీ అన్నారు కాబట్టి నా చూపు వాల్వు మీదే ఉంది. ముందు ఆయిల్ టెస్ట్ చేసి రండి. ఒక్కో సిలిండర్‌లో 5 మి.లీ. ఇంజన్ ఆయిల్, అంటే ఒక టీ స్పూను, అంతే.

పద్మిని_1100
మధ్యలో అడుగుతున్నందుకు ఏమీ అనుకోకండి. ప్రీమియర్ పద్మినికి ఏ అంకె మంచిది? నా గేజితో నాలుగు సిలిండర్లూ 95 నుంచి 100 మధ్యే చూపిస్తున్నాయి, బండి మాత్రం బాగానే లాగుతోంది. గేజి పైపులో వాల్వు పిన్ను పాడైతే టైరుది వేశాను.

బోరుగేజ్
మీ జవాబు మీ ప్రశ్నలోనే ఉందండి. కంప్రెషన్ గేజిలో ఉండే పిన్ను చూడటానికి టైరు పిన్నులాగే ఉంటుంది, దాని స్ప్రింగు మాత్రం చాలా మెత్తన. టైరు పిన్ను తెరుచుకోవడానికే కొంత ఒత్తిడి తినేస్తుంది, అందుకే నాలుగూ ఒకే తీరున తక్కువ చూపిస్తున్నాయి. గేజిది గేజికే తెప్పించుకుని మళ్ళీ చూడండి.

అన్ని సిలిండర్లూ సమానంగా తక్కువ వచ్చినప్పుడు ఇంజన్‌ను కాదు, కొలిచిన తీరును ముందు అనుమానించాలి: గేజి, బ్యాటరీ, థ్రాటిల్. బెల్టు ఉన్న ఇంజన్లలో టైమింగ్ బెల్ట్ ఒక పన్ను దాటినా అన్నీ కలిసి పడిపోతాయి. ఇక పద్మిని, అంబాసిడర్ లాంటి పాత ఇంజన్లకు కంప్రెషన్ రేషియోనే తక్కువ, 800 అంకెలతో పోల్చకండి. మీ మోడల్ మాన్యువల్‌లో ఉన్న అంకె చూసుకోండి, నాలుగింటి మధ్య తేడా చూసుకోండి.

కూకట్‌పల్లి800
ఆయిల్ టెస్ట్ అయింది. ఒకటి 152 నుంచి 166, రెండు 106 నుంచి 117, మూడు 149 నుంచి 163. మెకానిక్ అంటున్నది, రెండో దాంట్లో 11 పెరిగింది కదా, రింగులే అని.

బోరుగేజ్
ఇక్కడ ఒక లెక్క ఉంది, ఓపిగ్గా చూడండి. 796 సీసీని మూడు చేస్తే సిలిండర్‌కు 265 సీసీ. రేషియో 8.7 అంటే పిస్టన్ పైకి వచ్చాక మిగిలే జాగా 34, 35 సీసీ మాత్రమే. అందులో 5 సీసీ ఆయిల్ పోస్తే జాగా 30కి వస్తుంది, రేషియో 9.8కి ఎక్కుతుంది. అంటే రింగులు కొత్తవైనా సరే, ఆ చెంచా ఆయిలే రీడింగును పది శాతం పైగా లేపుతుంది. ఇంకా గట్టిగా చూద్దామని 20 మి.లీ. పోస్తే ఇంజన్‌కు లేని కంప్రెషన్‌ను గేజి చూపిస్తుంది.

మీ మూడు సిలిండర్లూ పెరిగింది తొమ్మిది, పది శాతమే. అది ఆయిల్ ఆక్రమించిన జాగా తెచ్చిన పెరుగుదల. రింగుల సందులోంచి గాలి పోతుంటే రెండోది 140 వైపు దూకి ఉండేది. కాబట్టి రెండో సిలిండర్ గాలి రింగుల కిందికి పోవడం లేదు. మిగిలినవి వాల్వులు, హెడ్ గ్యాస్కెట్, హెడ్ పగులు. గ్యాస్కెట్ రెండు సిలిండర్ల మధ్య కాలితే పక్కపక్కవి రెండూ పడతాయి, మీకు ఒక్కటే పడింది.

వైజాగ్_వీల్స్
ఇంజన్ గాలిని ఎంత బలంగా పీలుస్తోందో చూపించే వాక్యూమ్ గేజి దొరికితే ఒకసారి పెట్టండి, ఐదు నిమిషాల పని, ఏదీ విప్పక్కర్లేదు. ఇన్‌టేక్ మానిఫోల్డ్ నుంచి నేరుగా వచ్చే పైపుకు టీ జాయింటు వేసి కలపాలి. కార్బొరేటర్‌లో థ్రాటిల్ పైన ఉన్న రంధ్రానికి కలిపితే ఐడిల్‌లో ఏమీ చూపించదు.

విశాఖలాంటి చోట బాగున్న ఇంజన్ ఐడిల్‌లో 17 నుంచి 21 అంగుళాలు (పాదరసం లెక్కలో) చూపిస్తుంది. ఎత్తు ప్రతి వెయ్యి అడుగులకూ ఒక అంగుళం తగ్గించుకోవాలి. హైదరాబాద్‌కు రెండు తీసేయండి, బెంగళూరుకు మూడు. మూడు సిలిండర్ల ఇంజన్ కాబట్టి ముల్లు కొంచెం వణకడం సహజం. చూడాల్సింది ఆ వణుకు తీరు. లయ తప్పకుండా ప్రతిసారీ ఒకే మేర పడి లేస్తుంటే ఒక వాల్వు సరిగా కూర్చోవడం లేదు. ఐడిల్‌లో గబగబా వణికి, రేస్ చేస్తే నిలకడకు వస్తే వాల్వు గైడ్లు అరిగాయి. రేస్ చేసేకొద్దీ వణుకు పెరిగితే వాల్వు స్ప్రింగులు. కదలకుండా నాలుగైదు అంగుళాలు తక్కువ నిలబడితే ఇగ్నిషన్ టైమింగ్ వెనకబడింది, లేదా మానిఫోల్డ్ దగ్గర గాలి పీలుస్తోంది.

తర్వాత యాక్సిలరేటర్ ఒక్కసారి తన్ని వదలండి. ముల్లు సున్నా దగ్గరికి పడి, వదలగానే 22, 23 దాకా ఎగిరి వెనక్కి రావాలి. ఎగురు లేకపోతే రింగుల మీద అనుమానం. చివరగా 2,500 ఆర్‌పీఎం దగ్గర అర నిమిషం పట్టుకోండి. ముల్లు మెల్లగా దిగిపోతుంటే సైలెన్సర్ పూడింది.

కూకట్‌పల్లి800
ముల్లు 16 దగ్గర, లయగా మూడు పాయింట్లు పడి లేస్తోంది. తన్ని వదిలితే 22 దాకా వెళ్ళింది.

ట్యాపెట్_మాస్టారు
ఇక హెడ్ మీద చేయి వేసే ముందు ట్యాపెట్ గ్యాప్, అంటే వాల్వు కాడకూ దాన్ని నొక్కే రాకర్‌కూ మధ్య సందు చూడాలి. వాల్వు కవర్ తీస్తే చాలు, పైసా ఖర్చు లేదు.

ఎల్‌పీజీ పొడి ఇంధనం. పెట్రోల్ లోపలికి పోతూ వాల్వు ముఖాన్ని కాస్త చల్లబరుస్తుంది, తడుపుతుంది. గ్యాసుకు ఆ గుణం లేదు. అందుకని ఎగ్జాస్ట్ వాల్వు కొట్టుకునే సీటు కొద్దికొద్దిగా లోపలికి దిగిపోతుంది. సీటు దిగితే వాల్వు కాడ పైకి లేస్తుంది, రాకర్‌కూ దానికీ మధ్య గ్యాప్ మూసుకుపోతుంది. గ్యాప్ వదులైతే టకటక చప్పుడు వస్తుంది, అందరికీ తెలుస్తుంది. బిగిస్తే చప్పుడే ఉండదు, ఇంజన్ ఇంకా మెత్తగా నడుస్తున్నట్టు అనిపిస్తుంది. ఆ మెత్తదనంలోనే వాల్వు కాలిపోతుంటుంది, ఎందుకంటే ఎగ్జాస్ట్ వాల్వు తన వేడిని దించుకునేది సీటుకు ఆనినప్పుడే.

చల్లటి ఇంజన్ మీద చూడండి. ఫైరింగ్ ఆర్డర్ 1-3-2. పుల్లీ గుర్తు ఒకటో సిలిండర్‌కే. ఒకటి పైకి వచ్చి, దాని రెండు రాకర్లూ వదులుగా ఆడుతున్నప్పుడు అక్కడి గ్యాప్ కొలవండి. అక్కడి నుంచి క్రాంక్ 240 డిగ్రీలు తిప్పితే మూడు, ఇంకో 240 తిప్పితే రెండు. పిస్టన్ పైకి వచ్చిందో లేదో తెలియడానికి ప్లగ్గు రంధ్రంలో ప్లాస్టిక్ స్ట్రా పెట్టండి, స్క్రూ డ్రైవర్ పెట్టకండి. గ్యాప్ మాన్యువల్‌లో చల్లటి ఇంజన్‌కు ఇచ్చిన కొలత పెట్టండి. ఫీలర్ బ్లేడు కాస్త పట్టి పట్టనట్టు జారాలి. లాక్ నట్టు బిగించాక ఇంకోసారి కొలవాలి, బిగించేటప్పుడే చాలాసార్లు మారిపోతుంది.

కూకట్‌పల్లి800
మాస్టారూ, అక్షరాలా అదే. రెండో సిలిండర్ ఎగ్జాస్ట్‌కు అసలు గ్యాపే లేదు, మా దగ్గరున్న అన్నిటికంటే పల్చటి బ్లేడు కూడా దూరలేదు. ఒకటి, మూడు ఎగ్జాస్ట్‌లు కూడా బిగువుగానే ఉన్నాయి. అన్నీ సరిచేశాక కంప్రెషన్ 154, 121, 152.

బోరుగేజ్
106 నుంచి 121 వచ్చింది, మిగతావాటిని అందుకోలేదు. అంటే ఆ వాల్వు అంచు ఇప్పటికే కొంత కాలింది. ఇప్పుడు లీక్‌డౌన్ టెస్ట్ చేస్తే గాలి ఏ దారిన పోతోందో చెవికే వినిపిస్తుంది.

రెండు గేజిలు, మధ్యలో 1 మి.మీ. రంధ్రం ఉన్న అడ్డు, అదే పరికరం. మొదటి గేజి 100 పీఎస్ఐ దగ్గర పెడితే రెండోది చూపించే అంకె ఎంత తక్కువైతే అంత శాతం లీకు. పంక్చర్ షాపు కంప్రెసర్ సరిపోతుంది. సిలిండర్ కంప్రెషన్ స్ట్రోక్ చివర, పిస్టన్ సరిగ్గా పైన ఉండాలి, రెండు వాల్వులూ మూసి ఉండాలి.

జాగ్రత్త: బోరు 68.5 మి.మీ., పిస్టన్ ముఖం దాదాపు 37 చదరపు సెంటీమీటర్లు. 100 పీఎస్ఐ గాలి వదిలితే పిస్టన్ మీద 250 కిలోల పైన బరువు పడుతుంది. పిస్టన్ ఒక్క వెంట్రుక పక్కకు ఉన్నా క్రాంక్ గిర్రున తిరుగుతుంది. పుల్లీ బోల్టుకు స్పానర్ వదిలేయకండి, ఫ్యాను దగ్గర చేతులు పెట్టకండి. బండి టాప్ గేరులో పెట్టి హ్యాండ్ బ్రేక్ వేయండి, గాలి పది పీఎస్ఐతో మొదలుపెట్టి మెల్లగా పెంచండి.

గాలి వదిలాక డిప్‌స్టిక్ పైపు దగ్గర చెవి పెట్టండి: అక్కడ బుస వస్తే రింగులు. కార్బొరేటర్ నోట్లో వస్తే ఇన్‌టేక్ వాల్వు. సైలెన్సర్ చివర వస్తే ఎగ్జాస్ట్ వాల్వు. రేడియేటర్ మూత తీసి చూస్తే బుడగలు వస్తుంటే హెడ్ గ్యాస్కెట్ లేదా పగులు. పాత ఇంజన్‌కు 15 శాతం దాకా ఫర్వాలేదు, 25 దాటితే పని ఉంది. డిప్‌స్టిక్ దగ్గర కాస్త సద్దు ఎప్పుడూ ఉంటుంది, రింగుల కొసల మధ్య సందు ఉంటుంది కదా. వాల్వు దగ్గర మాత్రం అసలు వినిపించకూడదు.

ఫోనుకు తగిలించే సన్న కెమెరా దొరికితే ప్లగ్గు రంధ్రంలోంచి వాల్వు అంచు కూడా చూడొచ్చు. బాగున్న ఎగ్జాస్ట్ వాల్వు చుట్టూ రంగు ఒకేలా గోధుమ, బూడిద మధ్య ఉంటుంది. కాలినదాని అంచున ఒకచోట తెల్లటి చీలిక కనిపిస్తుంది.

పానా_పట్టకారు
హెడ్ విప్పబోతున్నారు కాబట్టి ఒక మాట. ముందు కింది భాగం సంగతి తేల్చుకోండి. బేరింగులు పోయిన ఇంజన్‌కు హెడ్ పని చేయిస్తే ఆ డబ్బు వృథా.

ఆయిల్ ప్రెషర్ స్విచ్ విప్పి ఆ చోట గేజి పెట్టండి. జపాన్ ఇంజన్లకు అక్కడ 1/8 బీఎస్‌పీటీ మర ఉంటుంది. బజారులో దొరికే 1/8 ఎన్‌పీటీ అడాప్టర్ చూడటానికి అచ్చం అలాగే ఉండి రెండు చుట్లు ఎక్కుతుంది కూడా. బలవంతం చేస్తే అక్కడ పగులుతుంది. ఒకటి అంగుళానికి 28 మరలు, ఇంకొకటి 27, పోల్చి చూసుకోండి. ఇంజన్ బాగా వేడెక్కాక ప్రతి వెయ్యి ఆర్‌పీఎంకు 10 పీఎస్ఐ ఉంటే చాలు. డ్యాష్‌బోర్డు లైటు ఆరిపోయింది కదా అని ధైర్యపడకండి, ప్రెషర్ పూర్తిగా పడిపోయాకే అది వెలుగుతుంది.

పాత ఆయిల్ ఫిల్టర్ డబ్బా కోసి కాగితం మడతలు తెల్లటి గుడ్డ మీద పరిచి ఎండలో చూడండి. అయస్కాంతానికి అంటే ఇనుము. అంటని రాగిరంగు తళుకు కనిపిస్తే బేరింగు పొర లేచిపోతోంది.

కూకట్‌పల్లి800
లీక్‌డౌన్: ఒకటి 10, రెండు 36, మూడు 12 శాతం. రెండో దాంట్లో గాలి పెట్టగానే సైలెన్సర్ గొట్టంలోంచి స్పష్టంగా బుస. రేడియేటర్‌లో బుడగల్లేవు. ఆయిల్ ప్రెషర్ వేడిమీద 3,000 దగ్గర 42. ఫిల్టర్‌లో తళుకు లేదు. హెడ్ ఒక్కటే విప్పిస్తున్నాను. లేత్‌లో ఏమేం చెప్పాలి?

బోరుగేజ్
మూడు ఎగ్జాస్ట్ సీట్లూ చూపించండి. రెండోదే కాలినా మిగతా రెండు ట్యాపెట్లూ బిగిశాయంటే అవీ దిగుతున్నాయి. సీటు మరీ లోపలికి పోయి ఉంటే కోత పెడితే ఇంకా దిగుతుంది, కొత్త గట్టి సీటు రింగు దించమనండి. వాల్వు కాడను గైడులో పెట్టి ఊపించి చూడండి. గైడు వదులైతే ఎంత బాగా సీటు కోసినా వాల్వు నిటారుగా కూర్చోదు. వాల్వు సీళ్ళు ఎలాగూ కొత్తవి వేస్తారు. మీ 200 మి.లీ. ఆయిల్‌లో కొంత అక్కడే పోతుండొచ్చు. రాత్రంతా ఆగిన బండి పొద్దున్నే స్టార్ట్ చేసినప్పుడు ఒక్క బుస్సు నీలం పొగ వస్తే అది సీళ్ళ పనే.

హెడ్ అడుగుభాగం మీద స్ట్రెయిట్ ఎడ్జ్ నిలువుగా, అడ్డంగా, మూలల వెంట పెట్టి 0.05 మి.మీ. ఫీలర్ దూరుతుందేమో చూడండి. దూరితే ఫేసింగ్, అంటే ఆ ముఖాన్ని మెషీన్ మీద చదును చేయడం. అక్కర్లేకుండా ఫేసింగ్ చేయించకండి, చేసిన ప్రతిసారీ దహన గది చిన్నదవుతుంది.

ల్యాపింగ్ (వాల్వును సీటు మీద పేస్టుతో రుద్ది కూర్చోబెట్టడం) అయ్యాక వాల్వులు, స్ప్రింగులు బిగించి, పోర్టుల నోళ్ళు పైకి వచ్చేలా హెడ్ వాల్చి వాటిలో కిరోసిన్ పోసి పది నిమిషాలు ఉంచమనండి. వాల్వు చుట్టూ చెమ్మ కనిపించకూడదు. ఇది మీ కళ్ళ ముందు జరగాలి.

హెడ్ లేనప్పుడు బోరు పై అంచున గోరు పెట్టి చూడండి, మెట్టులా తగిలితే అరుగుదల ఉంది. 150 పైన కంప్రెషన్, 10 శాతం లీకు ఉన్న రింగులను మాత్రం కదిలించకండి. అదే బోరులో సర్దుకుపోయిన రింగులు తీసి కొత్తవి వేస్తే, హోనింగ్ (బోరు గోడలను సన్నగా గరుకు చేయడం) కూడా చేయకపోతే, ఆయిల్ ఇంకా ఎక్కువ తాగుతుంది. హెడ్ గ్యాస్కెట్, టైమింగ్ బెల్ట్ కొత్తవి వేయండి. బోల్టులు మధ్యనుంచి అంచులకు, మూడు విడతల్లో, టార్క్ రెంచితో.

కూకట్‌పల్లి800
హెడ్ వచ్చింది. రెండో ఎగ్జాస్ట్ వాల్వు అంచు గోరు పట్టేంత మేర తినేసి ఉంది. మూడు ఎగ్జాస్ట్ సీట్లూ కొత్తవి పడ్డాయి, గైడ్లు బాగున్నాయి. కిరోసిన్ పదిహేను నిమిషాలు నిలబడింది. బిగించాక వేడిమీద కంప్రెషన్ 160, 157, 159. వాక్యూమ్ 18 దగ్గర నిలకడగా ఉంది. మిస్సింగ్ లేదు.

ట్యాపెట్_మాస్టారు
చాలా సంతోషం. కొత్త సీట్లు కాబట్టి వెయ్యి కిలోమీటర్లకు ఒకసారి, ఐదు వేలకు ఇంకోసారి చల్లటి ఇంజన్ మీద ట్యాపెట్లు చూడండి. ఎగ్జాస్ట్ గ్యాపులు మూడూ ఒక కాగితం మీద రాసి పెట్టుకోండి. రెండుసార్లకీ కొలత మారకపోతే సీట్లు కుదురుకున్నట్టే, ఆ తర్వాత పది వేలకు చూసినా చాలు.